అడ్మిట్ వచ్చినా ఐ-20 రాలేదా? వచ్చిన ఐ-20లో పేరు తేడాగా ఉందా? ముందు పాస్‌పోర్టు తెరవండి

మార్చి దాటిందంటే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "అన్నా, అడ్మిట్ వచ్చి నెలైంది, ఐ-20 ఇంకా రాలేదు." పెద్దమ్మ వాళ్ల అబ్బాయి, పక్కింటి అమ్మాయి, కాలేజీ జూనియర్ దగ్గర నా నంబర్ తీసుకున్న ముఖపరిచయం లేని కుర్రాడు, అందరిదీ ఇదే గోడు. అమెరికా ఎఫ్-1 వీసాకి కావలసిన కాగితాల గురించి మాత్రమే రాస్తున్నాను, ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలో నన్ను అడక్కండి. అడ్మిట్ అంటే యూనివర్సిటీ ఇచ్చే సీటు, ఐ-20 అంటే విద్యార్థి వీసా కోసం అదే యూనివర్సిటీ ఇచ్చే పత్రం, డీఎస్-160 అంటే ఆన్‌లైన్‌లో నింపే వీసా దరఖాస్తు. అంతకు మించి మొదటి నుంచీ చెప్పను, మిగతాది మీకు తెలుసనే అనుకుంటున్నాను.

అడ్మిట్ వచ్చింది, ఐ-20 రావట్లేదు

నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగానికి పైగా అసలు ఐ-20 అడగనే లేదు. అడ్మిట్ ఇచ్చేది అడ్మిషన్స్ ఆఫీసు, ఐ-20 ఇచ్చేది ఇంటర్నేషనల్ ఆఫీసులో కూర్చునే డీఎస్ఓ, అంటే విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే అధికారి. చాలా యూనివర్సిటీల్లో ఈ రెండూ వేరు వేరు లోకాలు. మీరు ఆఫర్‌ని యాక్సెప్ట్ చేసి, డిపాజిట్ అడిగితే కట్టి, ఇంటర్నేషనల్ ఆఫీసు పోర్టల్‌లో ఐ-20 రిక్వెస్ట్ ఫారం విడిగా నింపి, పాస్‌పోర్టు కాపీ, బ్యాంకు కాగితాలు అప్‌లోడ్ చేస్తేనే అక్కడ మీ ఫైలు పుడుతుంది. అడ్మిట్ లెటర్ మొదటి లైను చదివి స్టేటస్ పెట్టేసుకున్నవాళ్లు కింద ఉన్న లింకు దాకా వెళ్లరు. లెటర్ మొత్తం చదవండి, మళ్లీ చెబుతున్నా, మొత్తం.

అన్నీ పెట్టాను అంటారా? అయితే ఆ పోర్టల్‌లో ఇచ్చిన ఈమెయిల్ ఎవరిది? కన్సల్టెన్సీ ద్వారా అప్లై చేసినవాళ్లలో చాలామందికి వాళ్ల పేరుతో ఒక కొత్త ఐడీ కన్సల్టెన్సీవాళ్లే తెరిచి, పాస్‌వర్డ్ తమ దగ్గరే పెట్టుకుంటారు. "మీ బ్యాంకు లెటర్‌లో తేదీ లేదు, మళ్లీ పంపండి" అని యూనివర్సిటీ రాసిన మెయిల్ మూడు వారాలుగా ఆ ఇన్‌బాక్సులో పడి ఉంటుంది, మీరేమో ఇక్కడ యూనివర్సిటీని తిట్టుకుంటూ ఉంటారు. పాస్‌వర్డ్ తీసుకోండి, మార్చుకోండి, రికవరీ నంబర్‌గా మీది పెట్టండి, స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. ఐ-20 ఇప్పుడు ఎక్కువగా మెయిల్‌లో పీడీఎఫ్‌గానే వస్తుంది, కొరియర్ కోసం గేటు దగ్గర కాపలా కాయక్కర్లేదు.

ఫండ్స్ కాగితాలు తిప్పి పంపారు

ఐ-20 మొదటి పేజీలో ఖర్చుల అంచనా ఒక పక్క, దానికి మీరు చూపిన డబ్బు ఇంకో పక్క అచ్చు వేస్తారు. మీది వీళ్లు అడిగిన అంకె కంటే వంద డాలర్లు తక్కువున్నా డీఎస్ఓ ముందుకు కదలరు. బ్యాంకు స్టేట్‌మెంట్ రూపాయల్లో ఉంటే డాలర్ రేటు కాస్త పెరగ్గానే మీ మొత్తం అంకె కిందకి జారుతుంది కాబట్టి కొంచెం ఎక్కువే చూపించండి. సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్, ఇవి నడుస్తాయి. పొలం, ప్లాటు, బంగారం కలిపి సీఏ రాసిచ్చిన నెట్‌వర్త్ కాగితం వీసా ఇంటర్వ్యూకి చేతిలో ఉంటే ఉండనీ, ఐ-20కి మాత్రం సాధారణంగా పనికిరాదు, ఎందుకంటే వాళ్లు అడిగేది వెంటనే తీయగలిగే డబ్బు. లోన్ విషయంలో "ఇన్-ప్రిన్సిపల్" అని రాసిన లెటర్ పట్టుకుని శాంక్షన్ వచ్చిందని పంపేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. అది సూత్రప్రాయంగా సరేననడమే, శాంక్షన్ కాదు.

నాన్న పేరు కూడా చూడండి. బ్యాంకులో కె.వి. రావు, మీ పాస్‌పోర్టు చివరి పేజీలో వెంకటేశ్వరరావు. ఇద్దరూ ఒకరేనని మనకి తెలుసు, అక్కడ టేబుల్ ముందు కూర్చున్నావిడకి తెలియదు. పూర్తి పేరుతో లెటర్ ఇవ్వమని బ్రాంచిలో అడగండి.

ఎవరైనా "పది రోజులు బ్యాలెన్స్ పెట్టిస్తాం, లేదంటే లెటర్ చేసి ఇస్తాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తప్పుడు పత్రం పట్టుబడితే పడేది శాశ్వత అనర్హత, వచ్చే సీజన్‌లో మళ్లీ అప్లై చేస్తే తీరేది కాదు.

ఐ-20 వచ్చింది, అంతా బాగానే ఉన్నట్టుంది, కానీ పేరు...

అసలు కొంప ముంచేది ఇది. ఫండ్స్ తప్పయితే యూనివర్సిటీయే తిప్పి పంపుతుంది, పేరు తప్పయితే ఎవరూ ఏమీ అనరు. కాగితాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి, మీ పీకల మీదకి వచ్చేదాకా ఎవరికీ కనపడదు.

మన పేర్లలో ఇంటిపేరు ముందు, పేరు వెనక. టెన్త్ మెమోలో రెండూ కలిపి ఒకే వరుసలో ఉంటాయి, ఏది ఏదో విడదీసే గడి ఉండదు. పాస్‌పోర్టులో మాత్రం రెండు గడులు: సర్‌నేమ్, గివెన్ నేమ్. గివెన్ నేమ్ తప్పనిసరి, సర్‌నేమ్ ఖాళీగా వదిలినా అప్లికేషన్ ముందుకు పోతుంది. మీరు ఇంటర్‌లో ఉండగా పాస్‌పోర్టు అప్లై చేసిన నెట్ సెంటర్ అబ్బాయి మెమో చూసి "గుమ్మడి సాయి తేజ" అని మొత్తం గివెన్ నేమ్‌లో కొట్టేసి, సర్‌నేమ్ వదిలేశాడనుకోండి. అప్పట్లో ఎవరికీ పట్టలేదు. నాలుగేళ్ల తర్వాత అమెరికన్ యూనివర్సిటీ ఫారంలో లాస్ట్ నేమ్ అనే గడి వస్తుంది, ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. లాస్ట్ అంటే చివరిదేగా అని మీరు "తేజ" అని పెడతారు. ఐ-20 మీద సర్‌నేమ్ తేజ, గివెన్ నేమ్ గుమ్మడి సాయి. పాస్‌పోర్టులో సర్‌నేమే లేదు. అవే అక్షరాలు, ఒక్కటి కూడా ఎక్కువ తక్కువ లేదు, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు వేరు వేరు మనుషులు.

ఇది నాకు మా పిన్ని కొడుకు నేర్పిన పాఠం. వాడి ఐ-20 రాగానే వాట్సాప్‌లో పంపాడు, నేను ఖర్చుల అంకె, ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీ చూసి "సూపర్ రా, ఫీజు కట్టేయ్" అన్నాను. పేరు చూడలేదు. మనవాడి పేరు మనకి తెలియకపోవడం ఏంటి అని! వాడు సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ రికార్డు కోసం కట్టేది) కట్టాడు, ఐ-20 చూసి డీఎస్-160 నింపాడు, తెల్లవారుజామున లేచి వీసా ఇంటర్వ్యూ స్లాటు కూడా పట్టాడు. బయోమెట్రిక్స్‌కి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కి వెళ్లడానికి వారం ముందు "ఒకసారి అన్నీ చూడన్నా" అని పాస్‌పోర్టు ఫోటో, ఐ-20 పక్కపక్కన పెట్టి పంపాడు, అప్పుడు కనపడింది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర తెల్ల ఖాళీ. ఆ రాత్రే డీఎస్ఓకి మెయిల్ పెట్టిస్తే, సెలవులో ఉన్నాను అని ఆటోమేటిక్ జవాబు. కొత్త ఐ-20 చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. స్లాటు వదులుకుని ఇంకోటి పట్టుకునేలోపు మా పిన్ని చేసిన మొక్కుల లెక్క ఆవిడకే తెలియాలి.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. పాస్‌పోర్టు ఫోటో పేజీ, ఐ-20 మొదటి పేజీ పక్కపక్కన పెట్టండి. ఐ-20 పైభాగంలో సర్‌నేమ్/ప్రైమరీ నేమ్, గివెన్ నేమ్, ప్రిఫర్డ్ నేమ్, పాస్‌పోర్ట్ నేమ్ అని విడివిడిగా ఉంటాయి. మొదటి రెండూ పాస్‌పోర్టు గడులతో సరిపోవాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఉంటే పని తేలిక, అదే సర్‌నేమ్, అదే గివెన్ నేమ్. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒక్క "జి" అక్షరమే ఉంటే ఇక్కడ కూడా "జి" మాత్రమే, మీరు ప్రేమగా పూర్తిగా విడమరచి రాయొద్దు.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీ అయితే, ఐ-20లో మొత్తం పేరు సర్‌నేమ్/ప్రైమరీ నేమ్‌లోకి వెళ్లి గివెన్ నేమ్ ఖాళీగా ఉండాలి. డీఎస్-160లో కూడా పేరంతా సర్‌నేమ్‌లో పెట్టి, గివెన్ నేమ్‌లో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదని) అని రాయాలి, వీసా మీద కూడా అలాగే అచ్చవుతుంది. ఐ-20లో ఖాళీ, వీసాలో ఎఫ్ఎన్‌యూ, ఇది తప్పు కాదు, దీనికి టెన్షన్ పడి డీఎస్ఓకి మెయిళ్లు పెట్టకండి. (మావాడి డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా అదే ఎక్కింది. బ్యాంకుకి వెళ్తే "మిస్టర్ ఫ్నూ" అని పిలిచారట, రెండుసార్లు పిలిచాక గానీ తననే అని వాడికి తట్టలేదు.)

తేడా కనపడితే వెంటనే డీఎస్ఓకి పాస్‌పోర్టు కాపీ జత చేసి, ఏ గడిలో ఏం ఉండాలో రెండు లైన్లలో రాయండి. కథ వద్దు. సరిచేసి కొత్త ఐ-20 పంపుతారు, సెవిస్ నంబరు అదే ఉంటుంది. డీఎస్-160 అప్పటికే సబ్మిట్ చేసి ఉంటే దాన్ని దిద్దలేరు, కొత్తది నింపి ఆ కొత్త కన్ఫర్మేషన్ నంబరుని అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లో మార్చాలి. ఇది మరిచిపోయి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ గేటు దాకా పాత నంబరుతో వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

"పాస్‌పోర్టే మార్పించుకుంటే పోలా?" అని అందరూ అడుగుతారు. ఇంకా యూనివర్సిటీలకి అప్లై చేయనివాళ్లయితే తప్పకుండా చేయండి, రీఇష్యూలో ఇంటిపేరు, పేరు విడదీయించుకోవచ్చు, మామూలు 36 పేజీలదానికి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ఐ-20 చేతికొచ్చాక మాత్రం ఆ జోలికి పోవద్దు. రీఇష్యూ అంటే పాస్‌పోర్టు నంబరే మారిపోతుంది, దాంతో ఐ-20, డీఎస్-160, అపాయింట్‌మెంట్ అన్నీ మళ్లీ కదపాలి, మధ్యలో పోలీస్ వెరిఫికేషన్ ఇరుక్కుంటే అంతే సంగతులు. ఆ దశలో పాస్‌పోర్టు ఎలా ఉంటే అలా వదిలి, మిగతావన్నీ దానికి సరిపెట్టుకోవడమే.

పేరు చూసే చేత్తోనే పుట్టిన తేదీ కూడా చూడండి. అమెరికావాళ్లు తేదీలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. ఆగస్టు 7న పుట్టిన పిల్ల ఐ-20లో జులై 8న పుట్టేస్తుంది.

సెవిస్ ఫీజు కట్టబోతే కార్డు పని చేయట్లేదు

కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్‌లో ఉంటాయి, బ్యాంకు యాప్‌లో ఆన్ చేయండి, లిమిట్ కూడా పెంచండి. ఎఫ్-1కి సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, రెండూ వేరు, ఒకటి కడితే ఇంకోటి కట్టినట్టు కాదు. సెవిస్ నంబరు ఎన్ అక్షరం, ఆ తర్వాత పది అంకెలు. ఐ-20 చూసి టైప్ చేయండి, పాత మెసేజీలోంచి కాపీ చేయొద్దు. పేరు సరిచేయించాక కట్టండి, ఇంటర్వ్యూకి కనీసం మూడు పని దినాల ముందు కట్టండి, రసీదు ప్రింట్ తీసి పెట్టుకోండి. వీసా రిజెక్ట్ అయి 12 నెలల్లోపు మళ్లీ ఎఫ్-1కే వెళ్తే సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు, వీసా ఫీజు మాత్రం కట్టాల్సిందే.

మిగతావి

ఇంతకు ముందు అమెరికాలో చదివి సెవిస్ రికార్డు ఇంకా పాత యూనివర్సిటీలోనే ఉన్నవాళ్లది ట్రాన్స్‌ఫర్ వ్యవహారం, రెండు డీఎస్ఓలూ మాట్లాడుకోవాలి. పద్దెనిమిది నిండనివాళ్ల ఐ-20 మీద తల్లిదండ్రుల సంతకం కూడా కావాలి. సెమిస్టర్ వాయిదా వేసుకుంటే పాత ఐ-20తో వెళ్లొద్దు, కొత్త తేదీలతో ఇంకోటి అడగండి. ఇవి నాకు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, అంతకు మించి చెప్పేదేం లేదు.

అన్నీ సరిపోయాక ప్రింట్ తీసి, మొదటి పేజీ కింద స్టూడెంట్ అటెస్టేషన్ దగ్గర సంతకం, తేదీ పెట్టండి. ఖాళీగా వదిలేసి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విమానం ఎక్కేటప్పుడు ఆ కాగితం చేతి సంచిలో ఉండాలి, ఆవకాయ జాడీతో పాటు లగేజీలో కాదు. ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు దిగనివ్వరు, టికెట్ కొనేముందు అది కూడా చూసుకోండి.