ట్రాక్టర్ ఆగర్‌తో లోతైన గుంతలు: ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు, ఏం చేయాలి

కంచె స్తంభాలకు గుంతలు తవ్వడానికి ట్రాక్టర్ వెనుక తగిలించే ఆగర్‌కు, అంటే మనం బర్మా అని పిలుచుకునే దానికి, రెండు పరిమితులు ఉన్నాయి. అది నేలలోకి దిగేది తన సొంత బరువుతోనే. పనిముట్టును మూడు చోట్ల పట్టుకునే మామూలు త్రీ పాయింట్ లింకేజీ దాన్ని పైకి ఎత్తగలదు గానీ కిందికి నొక్కలేదు. పైగా చాలా ట్రాక్టర్లలో పనిముట్లను తిప్పే షాఫ్ట్, అంటే పీటీఓ, ఒకే దిశలో తిరుగుతుంది కాబట్టి, ఇరుక్కున్న బర్మాను ఇంజిన్ బలంతో వెనక్కు తిప్పే వీలు లేదు. రెండడుగుల గుంతలో ఈ రెండూ పెద్దగా అడ్డు రావు. మూడడుగులకు చేరువయ్యేసరికి తవ్వడం సులువై, తవ్విన మట్టిని పైకి తేవడం కష్టమవుతుంది. అక్కడి నుంచి వచ్చే ఇబ్బందుల్లో సగానికి పైగా ఆ మట్టి వల్లనే వస్తాయి.

కింద ఎక్కడ చేతితో ముట్టుకోమని రాసినా, పీటీఓ విడదీసి, ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్న తరువాతే అని అర్థం చేసుకోవాలి. నేల కింద కరెంటు కేబుళ్లు, నీటి పైపులు ఉన్నాయేమో మొదటి గుంతకు ముందే విచారించుకోవాలి.

బర్మా తిరుగుతోంది, కానీ దిగడం లేదు

ముందుగా మొన చూడండి. బర్మా అడుగున మధ్యలో ఉండే చిన్న మొన నేలను పట్టి దారి చూపుతుంది, దాని చుట్టూ ఉన్న పళ్ళు మట్టిని కోస్తాయి. మొన మొద్దుబారితే పళ్ళు ఎంత పదునుగా ఉన్నా బర్మా ఉన్నచోటే తిరుగుతూ నేలను నున్నగా పాలిష్ చేస్తుంది. ఇవి రెండూ విప్పి మార్చుకునే భాగాలే. ఒక పన్ను మాత్రమే కొత్తది వేస్తే కోత ఒకవైపే పడి బర్మా ఊగుతుంది గనుక జతగా మార్చడం మేలు.

పళ్ళు బాగున్నా దిగకపోతే వేగం ఎక్కువై ఉండవచ్చు. పీటీఓ 540 ఆర్‌పీఎం దగ్గర, సుమారు మూడింట ఒక వంతుకు తగ్గించే గేర్‌బాక్స్ గుండా, బర్మా నిమిషానికి 180 చుట్ల వరకూ తిరుగుతుంది. గట్టి నేలలో ఆ వేగానికి పళ్ళు కొరకవు, రాసుకుని వేడెక్కుతాయి. అందులో సగం వేగంతో పని చేయిస్తే నేల పట్టు దొరుకుతుంది, రాయి తగిలినప్పుడు దెబ్బ కూడా తగ్గుతుంది.

నేల ఎండి బిగిసిపోయి ఉంటే యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు. గడ్డపారతో జానెడు గుంత చేసి, నీళ్ళు నింపి, ఒక రాత్రి నాననిచ్చి మర్నాడు తవ్వితే అదే బర్మా సాఫీగా దిగుతుంది. బరువు కోసం మనిషిని బూమ్ (బర్మాను మోసే పొడవాటి చేయి) మీద నిలబెట్టడం, గేర్‌బాక్స్‌కు వేలాడమనడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. రాయి తగిలి బర్మా ఎగిరితే ఆ మనిషి పడేది తిరుగుతున్న మర (బర్మా చుట్టూ ఉండే స్క్రూ రెక్క) మీదనే.

బర్మా నేలలో కూరుకుపోయి ఆగిపోయింది

లోతైన గుంతల్లో అన్నిటికంటే చిరాకు పెట్టే సమస్య ఇది. మెత్తని తడి నేలలో లివర్‌ను ఒక్కసారిగా కిందికి వదిలేస్తే, బర్మా మట్టిని కోసి పైకి తేవడం మాని, చెక్కలోకి స్క్రూ దిగినట్టు తనంతట తాను నేలలోకి బిగుసుకుంటూ పోతుంది. క్షణాల్లో ఇంజిన్ మూలుగుతుంది, ఆ తరువాత షియర్ బోల్ట్ (గేర్‌బాక్స్‌ను కాపాడటానికి తాను విరిగే బోల్ట్) తెగుతుంది లేదా ఇంజిన్ ఆగిపోతుంది. లోపల చెట్టు వేరు చుట్టుకున్నా ఇలాగే జరుగుతుంది.

వెంటనే తోచే పని హైడ్రాలిక్‌తో పైకి లాగడం. అది వద్దు. మట్టి పట్టు లిఫ్ట్ బలాన్ని మించి ఉంటే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలుతాయి, లేదా బూమ్ వంగుతుంది. పెద్ద పైపు పానా తెచ్చుకుని, పీటీఓను న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్ ఆపిన తరువాత, గేర్‌బాక్స్‌కు కింద బర్మా మెడ దగ్గర పట్టించి, తవ్వేటప్పుడు తిరిగే దిశకు వ్యతిరేకంగా తిప్పాలి. మొదటి పావు చుట్టు పెనుగులాటగానే ఉంటుంది. కొంచెం సడలగానే మట్టి పగిలిన చిన్న చప్పుడు వినిపిస్తుంది, పానా చేతికి తేలికవుతుంది. మరో మూడు నాలుగు చుట్లు వెనక్కు తిప్పి, పానా తీసేసి పక్కన పెట్టి, మనుషులందరినీ దూరం పంపిన తరువాతే ఇంజిన్ వేసి నెమ్మదిగా ఎత్తాలి. పానాను మెడకే వదిలేసి పీటీఓ వేస్తే అది చుట్టూ తిరిగి ఎవరి కాలు విరగ్గొడుతుందో చెప్పలేం.

మళ్ళీ ఇలా జరగకుండా ఉండాలంటే, ప్రతి 20 నుంచి 30 సెంటీమీటర్లకు ఒకసారి బర్మాను పైకి తెచ్చి మట్టి విదిల్చాలి. దిగే వేగాన్ని లివర్‌తో కాక, లిఫ్ట్‌కు ఉండే దిగుడు వేగపు వాల్వును బిగించి తగ్గించుకోవడం ఇంకా మంచిది. లివర్ పొజిషన్ కంట్రోల్‌లో, అంటే లివర్ ఎక్కడ ఉంచితే లిఫ్ట్ ఆ ఎత్తులో నిలిచే పద్ధతిలో, ఉండాలి. డ్రాఫ్ట్ కంట్రోల్ నాగలి పనికి ఉద్దేశించినది, ఇక్కడ అది బర్మాను మన ప్రమేయం లేకుండా ఎత్తి దించుతుంది.

షియర్ బోల్ట్ మాటిమాటికీ తెగుతోంది

తెగడమే దాని పని. గేర్‌బాక్స్ పళ్ళు విరగకుండా తాను విరిగే మెత్తని బోల్ట్ అది. గంటకు రెండు మూడు పోతున్నాయంటే వేగం ఎక్కువగా ఉందని, లేదా మట్టి తీయకుండా లోతుకు దించుతున్నామని, లేదా కింద రాళ్ళు ఉన్నాయని భావించాలి. బోల్ట్ కూర్చునే రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా, లోపల బోల్ట్ కదిలి కదిలి తెగుతుంది.

ఒకసారి విసుగుపుట్టి నేను చేతికి దొరికిన గ్రేడ్ 8 బోల్ట్ బిగించాను. మెత్తని గ్రేడ్ 2 బోల్ట్‌తో పోలిస్తే దాని తన్యబలం, అంటే లాగుడును తట్టుకునే బలం, రెండింతలు. ఆ సాయంత్రం వేరు తగిలినప్పుడు బోల్ట్ చెక్కుచెదరలేదు, గేర్‌బాక్స్‌లో పళ్ళు రాలాయి. పరిమాణం, గ్రేడు మాన్యువల్ చెప్పినవే వాడాలి, బోల్ట్ కాడ నట్టును దాటి పొడుచుకురాకుండా చూడాలి. 540 ఆర్‌పీఎం అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. పొడుచుకొచ్చిన అంగుళం బోల్ట్‌కు వదులు చొక్కా చిక్కితే చేయి వెనక్కు తీసుకునే వ్యవధి ఉండదు.

మూడడుగుల తరువాత లోతు రావడం లేదు

బర్మా మీద మర ఎంత పొడవుందో, లిఫ్ట్ ఎంత ఎత్తుకు లేస్తుందో, ఈ రెండింటిలో చిన్నదే మీ లోతు. ఎక్స్‌టెన్షన్ రాడ్ కొంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రాడ్ తగిలించాక బర్మా మొనను నేల పైకి ఎత్తడానికి లిఫ్ట్ ఎత్తు చాలకపోవచ్చు, అప్పుడు ట్రాక్టర్‌ను తదుపరి గుంతకు కదిలించలేరు. అదీ గాక రాడ్‌కు మర ఉండదు. మర పైఅంచు గుంత లోపలికి వెళ్ళిపోగానే మట్టి బయట పడే దారి లేక మర నెత్తిన కూర్చుంటుంది, ఎత్తబోతే బిరడాలా బిగుస్తుంది.

అందువల్ల రాడ్ లేకుండానే పూర్తి లోతు వరకు తవ్వి, వదులు మట్టిని పూర్తిగా తీసేసిన తరువాతే రాడ్ వేయాలి. ఆ పైన ఒక్కో విడతకు జానెడుకు మించి దిగకుండా, పీటీఓ ఆపి, మర మీద నిలిచిన మట్టితో సహా ఎత్తగలిగినంత ఎత్తాలి. మిగిలిన అడుగు లోతు పొడవాటి గడ్డపారతో, చేతి బర్మాతో తీయడమే త్వరగా అవుతుందని నా అభిప్రాయం. పది గుంతల లోపు పనికి రాడ్ బిగించి విప్పే శ్రమ గిట్టుబాటు కాదు.

గుంత వంకరగా వస్తోంది

బూమ్ ట్రాక్టర్ వైపున్న పిన్ను ఆధారంగా వంపు తిరుగుతూ దిగుతుంది. బూమ్ నేలకు సమాంతరంగా వచ్చేవరకు బర్మా తల ట్రాక్టర్ నుంచి కొద్దిగా దూరం జరుగుతుంది, ఆ తరువాత దగ్గరకు వస్తుంది. లోతు పెరిగేకొద్దీ ఈ తేడా గుంత గోడలో కనిపిస్తుంది. సగం లోతులో ఒకసారి బర్మాను కొంచెం ఎత్తి, తల దూరం జరిగి ఉంటే ట్రాక్టర్‌ను రెండు మూడు అంగుళాలు ముందుకు, దగ్గరకు వచ్చి ఉంటే అంతే వెనక్కు జరిపితే నిలువు దొరుకుతుంది. పక్కకు వాలితే ట్రాక్టర్ పల్లానికి అడ్డంగా నిలబడి ఉంటుంది. దాన్ని వాలు వెంబడి నిలపాలి.

గోడలు కూలడం, లేదా గాజులా నున్నబడటం

ఇసుక నేలలో గోడ కూలితే తవ్వేకొద్దీ గుంత వెడల్పవుతుంది తప్ప లోతు కాదు. ముందురోజు తడిపితే ఇసుక కొంత నిలబడుతుంది, లేకపోతే పైపు ముక్కను గుంతలో దించి లోపలి మట్టిని తీయాలి. తడి బంకమట్టిలో దీనికి తలకిందులైన సమస్య: బర్మా గోడను నున్నగా మెత్తేస్తుంది, అడుగున గాలి ఆడక బర్మాను పీల్చి పట్టుకుంటుంది. తిరుగుతూ ఉండగానే మెల్లగా ఎత్తితే పట్టు వదులుతుంది. నున్నటి గోడను కాంక్రీటు పోసే ముందు గడ్డపారతో గీకి గరుకు చేయాలి.

ఎత్తినప్పుడు షాఫ్ట్ కొట్టుకుంటోంది

పూర్తిగా ఎత్తినప్పుడు పీటీఓ షాఫ్ట్ క్రాస్‌ల (వంగే కీళ్ళ) కోణం మితిమీరి టకటక చప్పుడు వస్తుంది. మొన నేలను దాటగానే పీటీఓ విడదీసి, ఆ తరువాత పైకి ఎత్తడం అలవాటు చేసుకుంటే చాలు. గేర్‌బాక్స్ చేయి పెట్టలేనంత వేడెక్కితే నూనె మట్టం చూడాలి, సీలు దగ్గర కారుతుంటే గాలి పోయే రంధ్రం మట్టితో మూసుకుపోయిందేమో ముందు చూడాలి.

అడుగున వదులు మట్టి మిగిలిపోతోంది

కావలసిన లోతు చేరాక కిందికి దించడం ఆపి, నాలుగైదు సెకన్లు అక్కడే తిరగనిచ్చి, పీటీఓ ఆపి, తిప్పకుండా ఎత్తితే మర మీద ఉన్న మట్టి దానితోపాటే పైకి వస్తుంది. తిప్పుతూ ఎత్తితే అది జారి మళ్ళీ లోపల పడుతుంది. మిగిలిన గుప్పెడు మట్టిని బరువైన కొయ్యతో దిమ్మిస చేయాలి. వదిలేస్తే మొదటి వానకే స్తంభం రెండు అంగుళాలు దిగి తీగ వదులవుతుంది. స్తంభం ఆ రోజే నిలపకపోతే గుంత మీద పలక వేసి, దాని మీద రాయి పెట్టి వెళ్ళాలి.