ఉష్ణ ప్రసరణను విద్యార్థులకు ప్రయోగాలతో బోధించడం ఎలా?

వేసవి మధ్యాహ్నం విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో ఇసుక కాలుతుంటే, పక్కనే ఉన్న సముద్రపు నీరు చల్లగా ఎందుకు ఉంటుందని అడిగి పాఠం మొదలుపెట్టండి. జవాబు వెంటనే చెప్పవద్దు.

మొదట ఒక స్టీలు పళ్లేన్ని, ఒక చెక్క పలకను కనీసం గంటసేపు ఒకే గదిలో నీడన ఉంచి, తర్వాత విద్యార్థులతో తాకించండి. స్టీలే చల్లగా ఉందని దాదాపు అందరూ అంటారు. అప్పుడు థర్మామీటరు బల్బును ఒక్కొక్కదానికి ఆనించి, పైన గుడ్డ కప్పి, కొన్ని నిమిషాలు ఆగి చూపిస్తే రెండింటి ఉష్ణోగ్రతా ఒకటేనని తెలుస్తుంది. చెక్క కంటే స్టీలు మన చేతిలోని ఉష్ణాన్ని వేగంగా లాగేస్తుంది కాబట్టే అది చల్లగా అనిపిస్తుంది. వహనం (పదార్థం కదలకుండానే దాని గుండా ఉష్ణం సాగడం) అనే మాటను ఈ ప్రయోగం తర్వాతే పరిచయం చేయాలని నా గట్టి అభిప్రాయం. అయితే మన ఊరి ఎండాకాలంలో గది ఉష్ణోగ్రత అరచేతి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటే తేడా తెలియదు; అందువల్ల దీనిని చల్లటి ఉదయం పూట చేయండి.

తర్వాత 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న 100 మి.లీ. నీటిని 30 డిగ్రీల వద్ద ఉన్న 100 మి.లీ. నీటిలో కలిపే ముందు, ఫలితాన్ని ఊహించి రాయమనండి. లెక్క ప్రకారం 45 డిగ్రీలు రావాలి, కానీ థర్మామీటరు కాస్త తక్కువ చూపుతుంది. ఆ తగ్గిన ఉష్ణం పాత్రకూ గాలికీ చేరిందని విద్యార్థులే కనిపెట్టేవరకు ఓపిక పట్టండి. వేడి నీళ్లను మాత్రం ఉపాధ్యాయులే పోయాలి.

సంవహనం (వేడెక్కిన ద్రవం లేదా వాయువు తానే కదిలి ఉష్ణాన్ని మోసుకెళ్లడం) కోసం నీళ్లున్న బీకరు అడుగున ఒక పక్కగా పొటాషియం పర్మాంగనేటు పలుకు వేసి, సరిగ్గా దాని కిందే సన్నని మంట పెడితే ఊదారంగు చార పైకి లేచి తిరిగి దిగడం కనిపిస్తుంది. వికిరణానికి (సూర్యుడి నుంచి వచ్చినట్టు, మధ్యలో పదార్థం అవసరం లేకుండా ఉష్ణం చేరడం) నల్లరంగు పూసిన డబ్బా, మెరిసే డబ్బా, వాటిలో సమానంగా నీళ్లు, కొంత ఎండ చాలు.

ఇప్పుడు బీచ్ ప్రశ్నకు రండి. సమాన బరువు గల ఇసుకను, నీటిని ఎండలో ఉంచి ప్రతి 5 నిమిషాలకు ఉష్ణోగ్రత నమోదు చేయించండి. నీటి విశిష్టోష్ణం (ఒక గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం) ఇసుకకు దాదాపు 5 రెట్లు ఉండడం వల్ల నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. పగటిపూట నేలపై వేడెక్కిన గాలి పైకి లేవగా, సముద్రం మీది గాలి ఆ చోటికి వీస్తుందన్న విషయాన్ని ఇక్కడే కలపండి.

చివరగా, ఫిషింగ్ హార్బర్‌లో చేపలను ఐసుతో థర్మోకోల్ పెట్టెల్లో ఎందుకు ఉంచుతారో రాయమనండి. పెట్టె చల్లదనాన్ని ఇస్తుందని ఎవరైనా రాస్తే, బయటి ఉష్ణం లోపలికి చేరే వేగాన్ని అది తగ్గిస్తుందని వివరించి, స్టీలు పళ్లెం ప్రయోగాన్ని మరొకసారి చేయించండి.