వాన ఫైట్‌లో స్లో మోషన్: ఎక్కడ పెట్టాలి, ఎలా తీయాలి

హీరో పిడికిలి లేచేటప్పుడే స్లో మోషన్‌కి వెళ్తే, దెబ్బ తగులుతుందని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. ఫ్రేమ్ ఎంత అందంగా ఉన్నా ఆ నాలుగైదు సెకన్లలో ఉత్కంఠ ఉండదు. స్టైలిష్ ఫైట్లు చాలావరకు ఇక్కడే చప్పబడతాయి. దెబ్బను మామూలు స్పీడులోనే తీయండి. స్లో మోషన్‌ని ఏం జరుగుతుందో తేలని క్షణానికి దాచుకోండి: చేజారిన కత్తి కోసం ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచినప్పుడు, ఉదాహరణకి. చిన్న ఫైట్‌కి అలాంటివి రెండు చాలు.

ఆ రెండూ షాట్ డివిజన్‌లోనే (ఏ షాట్ ఎలా తీయాలో రాసుకునే జాబితా) రాసుకోవాలి. ఎందుకంటే వాటిని ఎక్కువ ఫ్రేముల్లో తీయాలి. సెకనుకు 24 ఫ్రేముల్లో తీసి ఎడిటింగ్‌లో సాగదీస్తే చినుకులు గంతులేస్తాయి.

ఎక్కువ ఫ్రేముల్లో తీసేటప్పుడు లైట్లతో ఒక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. వీధి దీపాలు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదంతే. వాటి కింద 120 ఫ్రేముల్లో తీసి 24లో ఆడిస్తే, వెలుగు సెకనుకు నాలుగుసార్లు కొట్టుకుంటుంది. దీన్ని గ్రేడింగ్‌లో (తర్వాత రంగులు, వెలుగు సరిచూసే దశలో) సరిచేయడం నరకం. 100 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) 1/200 సెకను పెట్టండి. స్లో దాదాపు నాలుగు రెట్లు వస్తుంది. కరెంటు ఫ్రీక్వెన్సీ కొంచెం అటూఇటూ అవుతుంది కాబట్టి ముందు పది సెకన్లు టెస్ట్ తీసి చూసుకోవాలి. మామూలు 1/50తో పోలిస్తే కెమెరాకి అందే వెలుగు నాలుగో వంతే. అంటే లెన్స్ ఎఫ్ 4 దగ్గర సరిపోయిన లైటింగ్‌కి ఎఫ్ 2 కావాలి (ఎఫ్ అంకె తగ్గితే లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది).

ముందు నుంచి లైటు వేస్తే వాన కనబడదు. పెద్ద లైటు నటుల వెనక, ఎత్తులో, కెమెరా వైపు తిరిగి ఉండాలి. లెన్స్‌లోకి నేరుగా పడకుండా కాస్త పక్కకి. వెనక నల్లటి గోడో చీకటో ఉంటేనే చినుకు మెరుస్తుంది. పైపుకి స్ప్రే నాజిల్ పెట్టి నీళ్లు ఆకాశం వైపు కొట్టండి. పైకెళ్లి రాలితేనే వానలా ఉంటుంది, నటుల మీదికి నేరుగా కొడితే పైపు నీళ్లలాగే కనిపిస్తుంది. నీళ్లు తక్కువైతే లాంగ్ లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపించేది) వాడండి, వాన చిక్కగా కనిపిస్తుంది.

లైట్లన్నిటికీ 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ద్వారానే కరెంటు ఇవ్వండి. వైరు జాయింట్లు నేల మీద ఉండకూడదు, స్టాండుకి కట్టాలి. ఇది లేకుండా నీళ్లు వదలొద్దు.

దెబ్బకి కెమెరా, పిడికిలి, ముఖం ఒకే గీత మీదికి రావాలి. దెబ్బ తినేవాడి భుజం వెనక నుంచి తీస్తే జానెడు ఖాళీ ఉన్నా తెలియదు. పిడికిలి ముఖాన్ని దాటే క్షణంలోనే అతని తల తిరగాలి, ముందే తిరిగితే దొంగతనం బయటపడుతుంది. ముందు పొడి నేల మీద, తర్వాత తడి నేల మీద సగం వేగంతో రిహార్సల్ చేయించండి.

స్లో షాట్ల సౌండ్ పనికిరాదు. తడి తువ్వాలుని గచ్చు మీద కొట్టి, ఆ చప్పుడు విడిగా రికార్డ్ చేసుకోండి.