ఐఈపీ విషయంలో స్కూల్‌తో మాట కుదరనప్పుడు మీడియేషన్‌కు వెళ్లడం ఎలా?

వారానికి ఒకసారి స్పీచ్ థెరపీ చాలంటుంది స్కూల్. చాలదని మీకు తెలుసు. ఐఈపీ అంటే ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు స్కూల్ ఏ సేవలు ఎంత ఇవ్వాలో రాసే ప్రణాళిక. దాని మీద రెండు మూడు మీటింగులు గడిచినా ఎవరి మాట వారిదే. అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రుల్లో చాలామంది ఈ దశలో టీచర్లతో గొడవెందుకులే అని ఊరుకుంటారు, లేదంటే నేరుగా లాయర్‌ను వెతుక్కుంటారు. ఈ రెంటికీ నడుమ ఒక దారి ఉంది. ఇండివిడ్యువల్స్ విత్ డిజబిలిటీస్ ఎడ్యుకేషన్ యాక్ట్, అంటే అందరూ ఐడియా అని పిలిచే చట్టం, ప్రతి రాష్ట్రమూ మీడియేషన్, అంటే తటస్థ మధ్యవర్తి ముందు మాట్లాడుకునే వీలు, ఏర్పాటు చేసి తీరాలంటుంది. ఖర్చు రాష్ట్రానిదే, మీరు ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేదు. 2004 సవరణ తర్వాత, డ్యూ ప్రాసెస్ ఫిర్యాదు, అంటే హియరింగ్ అధికారి విచారించే కేసు, వేయకముందు కూడా ఎప్పుడైనా అడగవచ్చు.

మీడియేటర్ జడ్జి కాదు, ఎవరిది తప్పో చెప్పడు. ఇరువైపులా ఒప్పుకోగల మాటను రాబట్టడమే ఆయన పని. కాబట్టి తయారై వెళ్లినవాళ్లకే దీనివల్ల మేలు.

ముందు: మీ గొడవకు మీడియేషన్ సరిపోతుందా?

థెరపీ ఎంతసేపు, క్లాసులో పారా (టీచర్‌కు తోడుండే సహాయకుల) సాయం కావాలా వద్దా, వేసవిలో సేవలు కొనసాగాలా, ఏ క్లాసులో కూర్చోబెట్టాలి వంటివాటికి మీడియేషన్ బాగా పనికొస్తుంది. ఐఈపీలో ఉన్నదాన్నే స్కూల్ అమలు చేయకపోతే మాత్రం రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేయడమే సూటి మార్గం. ఆ తప్పు జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు ఇవ్వాలి, రాష్ట్రం మామూలుగా 60 రోజుల్లో తేల్చాలి. స్కూల్ చేసిన ఎవాల్యుయేషన్ తప్పనిపిస్తే, స్కూల్ ఖర్చుతో బయటి నిపుణుడి చేత పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడగండి. అప్పుడు స్కూల్ ఆ ఖర్చు భరించాలి, లేదా తన పరీక్ష సరైనదేనని నిరూపించుకోవడానికి తానే డ్యూ ప్రాసెస్ ఫిర్యాదు వేయాలి.

మన ఇళ్లలో ఇది తరచూ ఎదురయ్యే సమస్య. ఇంట్లో తెలుగే మాట్లాడే నాలుగేళ్ల పిల్లవాడిని ఇంగ్లిష్‌లో మాత్రమే పరీక్షించి, మాట ఆలస్యమని రాస్తారు. లేకపోతే, రెండు భాషల వల్లే ఇలా ఉన్నాడని తోసేసి, నిజంగా అవసరమైన థెరపీ కూడా ఇవ్వరు. బొత్తిగా వీలుకాని సందర్భంలో తప్ప పిల్లల సొంత భాషలోనే పరీక్షించాలని చట్టం చెబుతోంది. ఇంగ్లిష్ సరిగా రాకపోవడమే ప్రధాన కారణమైతే, దాన్ని వైకల్యంగా లెక్కకట్టకూడదని కూడా అందులో ఉంది. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకుని వెళ్లండి. తెలుగు మాట్లాడటం మానేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

వీసా సంగతి ఆలోచించి వెనక్కి తగ్గేవాళ్లూ ఉన్నారు. ఆ భయం అక్కర్లేదు. ఇమ్మిగ్రేషన్ స్థితిని బట్టి ప్రభుత్వ బడిని నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ కేసులో తీర్పిచ్చింది. ఐడియా హక్కులు వీసా మీద ఆధారపడినవి కావు.

కాగితాలు పోగుచేయడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మీ బిడ్డ స్కూల్ రికార్డులన్నీ కావాలని ఈమెయిల్ చేయండి. 45 రోజులు దాటకుండా చూపించాలి. వాటిలోంచి ఇప్పటి ఐఈపీ, గత రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, ఎవాల్యుయేషన్లు, ఏ రోజు ఎంతసేపు ఇచ్చారో రాసే థెరపీ లాగ్‌లు తీసి తేదీల వరసలో పెట్టుకోండి.

మీరు అడిగినదాన్ని స్కూల్ కాదంటే ప్రయర్ రిటెన్ నోటీస్ అడగండి. ఎందుకు కాదన్నారో, దేన్ని ఆధారం చేసుకున్నారో అందులో రాయడం వాళ్ల బాధ్యత. నోటితో “మా దగ్గర అలా ఇవ్వం” అన్న మాట కాగితం మీదకు వచ్చేసరికి చాలాసార్లు నిలబడదు.

తర్వాత ఒకే ఒక్క పేజీ తయారుచేయండి: ఇప్పుడేం జరుగుతోంది, ఏం కావాలి, దానికి ఆధారమేంటి. బాకీ ఉన్న సేవల్ని లెక్క కట్టండి. వారానికి 60 నిమిషాల థెరపీ రాసి ఉండి, థెరపిస్ట్ లేక 10 వారాలు ఆగిందనుకోండి. 600 నిమిషాలు, అంటే 10 గంటలు బాకీ. “చాలా నష్టపోయాడు” అంటే సానుభూతి దొరుకుతుంది, “10 గంటలు” అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. 2017లో ఎండ్రూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, బిడ్డ పరిస్థితికి తగిన ప్రగతి సాధించగలిగేలా ఐఈపీ ఉండాలి. రెండేళ్లుగా అవే గోల్స్ తిరిగి తిరిగి వస్తుంటే ఆ పేజీలు పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆఖరిగా మూడు గీతలు గీసుకోండి: ఇది లేకపోతే కుదరదు, ఇది ఉంటే మంచిది, ఇది వదులుకోగలం. ఇంట్లో ఇద్దరూ ముందే ఒక మాట మీదకు రావాలి. మీటింగ్ మధ్యలో మీ ఇద్దరి మధ్య తేడా కనబడితే అక్కడితో మీ పట్టు సడలుతుంది.

అర్జీ పెట్టడం

రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆఫీస్ ఆఫ్ అడ్మినిస్ట్రేటివ్ హియరింగ్స్‌కు, టెక్సాస్‌లో టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీకి పంపాలి. టెక్సాస్‌లో ఐఈపీ మీటింగ్‌ను ఏఆర్‌డీ అంటారు, కంగారుపడకండి. సమస్య నాలుగైదు వాక్యాల్లో రాసి, తెలుగు దుబాసీ కావాలంటే అందులోనే అడగండి. ఇంగ్లిష్ వచ్చినా, తాతయ్యో అమ్మమ్మో బిడ్డను చూసుకుంటూ మీటింగ్‌కు వస్తున్నా, చట్టం మాటలు తడబడతాయనుకున్నా అడగడంలో నామోషీ లేదు.

మీడియేషన్ ఇద్దరి ఇష్టం మీదే జరుగుతుంది, స్కూల్ ఒప్పుకోకపోవచ్చు కూడా. మీడియేటర్‌ను రాష్ట్రం తన జాబితా నుంచి వంతుల వారీగానో మరో నిష్పాక్షిక పద్ధతిలోనో పంపుతుంది. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంత ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఉద్యోగి మీడియేటర్ కాకూడదు. లాయర్ రావచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కేసు లేకుండా మీడియేషన్ మాత్రమే అడిగితే కాలిఫోర్నియాలో ఇరుపక్షాల లాయర్లూ కూర్చోకూడదు. ప్రతి రాష్ట్రంలో ఉండే పేరెంట్ ట్రైనింగ్ సెంటర్ ఉచితంగా సాయం చేస్తుంది. న్యూజెర్సీలో స్పాన్, మిన్నెసోటాలో పేసర్ అలాంటివే.

ఇక్కడ చాలామంది చేసే ప్రమాదకరమైన పొరపాటు రెండు విషయాల్లో. మీడియేషన్ అడిగినంత మాత్రాన గడువు ఆగిపోదు. డ్యూ ప్రాసెస్ ఫిర్యాదుకు మామూలుగా రెండేళ్లు, కొన్ని రాష్ట్రాల్లో వేరేగా ఉంటుంది. రెండోది, బిడ్డను ఇప్పుడున్న క్లాసులోంచి మార్చబోతుంటే, ఫెడరల్ చట్టంలోని స్టే పుట్ రక్షణ (గొడవ తేలేదాకా బిడ్డను ఉన్నచోటే ఉంచాలన్న నియమం) డ్యూ ప్రాసెస్ ఫిర్యాదుతోనే వస్తుంది, ఒట్టి మీడియేషన్‌తో రాదు. అలాంటప్పుడు మార్పు అమల్లోకి రాకముందే ఫిర్యాదు వేసి, విచారణకు ముందు స్కూల్ పెట్టాల్సిన రాజీ సమావేశమైన రిజల్యూషన్ మీటింగ్‌కు బదులు మీడియేషన్ పెట్టమని అడగండి. ఇరువైపులా ఒప్పుకుంటే చట్టం దానికి వీలు ఇస్తుంది.

ఆ రోజు

ఒక పూట నుంచి రోజంతా పట్టవచ్చు. ముందు అందరూ కలిసి కూర్చుంటారు, తర్వాత మీడియేటర్ ఇరుపక్షాలనూ వేర్వేరు గదుల్లో ఉంచి అటూ ఇటూ తిరుగుతారు. మొదటి ప్రశ్న మీరే వేయండి: “డిస్ట్రిక్ట్ తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరికి ఉంది?” ఒప్పందానికి అలాంటి వ్యక్తి సంతకమే కావాలి. ఆ మనిషి లేకపోతే, సాయంత్రానికి “పైవాళ్లను అడిగి చెబుతాం” అన్న మాట దగ్గర ఆగిపోతుంది.

అక్కడ అన్న మాటలు గోప్యం. తర్వాత హియరింగ్‌లో గానీ కోర్టులో గానీ సాక్ష్యంగా వాడకూడదు. అందుకే మొహమాటం లేకుండా మాట్లాడవచ్చు. ఆ టీచర్ అలా అంది, ఈ ప్రిన్సిపల్ ఇలా చూశాడు అన్న పాత లెక్కల్లోకి దిగితే మాత్రం సమయమంతా వాటికే పోతుంది. స్కూల్ ఏదైనా ప్రతిపాదిస్తే వెంటనే ఊఁ అనకండి. ఎన్ని నిమిషాలు, ఎవరు, ఎప్పటి నుంచి అని అడిగి రాసుకోండి, విడి గదిలో ఆలోచించండి.

ఒప్పందం రాయించడం

“అవసరాన్ని బట్టి స్పీచ్ థెరపీ ఇస్తాం” అన్న వాక్యం చూడటానికి బాగుంటుంది కానీ దాన్ని ఎవరూ అమలు చేయించలేరు. ఇలా రాయించండి: “సెప్టెంబర్ 8 నుంచి వారానికి 2 సార్లు, ఒక్కోసారి 30 నిమిషాలు, ఒక్కడికే విడిగా, లైసెన్స్ ఉన్న స్పీచ్ థెరపిస్ట్ చేత. థెరపిస్ట్ రాకపోయి తప్పిన సెషన్ 2 వారాల్లో పూర్తిచేయాలి. ప్రతి 4 వారాలకు లాగ్ కాపీ తల్లిదండ్రులకు పంపాలి.” ఫలానా తేదీలోపు ఐఈపీని దీనికి తగ్గట్టు సవరించాలన్న వాక్యం కూడా ఉండాలి. లేకపోతే ఒప్పందం ఒక ఫైల్లో, ఐఈపీ ఇంకో ఫైల్లో పడుంటాయి, టీచర్ చూసేది ఐఈపీనే.

గతానికి సంబంధించిన హక్కులన్నీ వదులుకుంటున్నాం అన్న పేరా ఉందేమో వెతకండి. బాకీ ఉన్న 10 గంటలు ఒప్పందంలోకి రాకుండా దాని మీద సంతకం పెడితే అవి పోయినట్టే. అర్థం కాకపోతే ఇంటికి తీసుకెళ్లి లాయర్‌కు చూపించి సంతకం పెడతామనండి. రిజల్యూషన్ మీటింగ్ ఒప్పందాన్ని 3 పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. మీడియేషన్ ఒప్పందానికి ఫెడరల్ చట్టంలో అలాంటి వెసులుబాటు లేదు, సంతకం పడిన క్షణం నుంచి చట్టరీత్యా ఇద్దరూ దానికి కట్టుబడాల్సిందే.

ఆ తర్వాత

ఒప్పందంలోని తేదీలన్నీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. మొదటి నెల లాగ్ రాకపోతే మూడో నెల దాకా ఆగకండి. పేరా నంబర్ చెప్పి స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కు ఆ వారమే ఈమెయిల్ చేయండి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర కోర్టులో గానీ ఫెడరల్ జిల్లా కోర్టులో గానీ ఒప్పందాన్ని అమలు చేయించుకునే హక్కు ఉంది. అసలు ఒప్పందమే కుదరకపోయినా డ్యూ ప్రాసెస్ హక్కు అలాగే ఉంటుంది. కాకపోతే గడువులో ఎన్ని రోజులు మిగిలాయో ఆ రాత్రే లెక్క చూసుకోండి.