కణం లోపలి కాపలా – 4వ పాఠం: డీఎన్‌ఏ ఉండకూడని చోట ఉంటే

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. వైరస్ ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే రిగ్‌-ఐ అనే సెన్సర్ ప్రోటీన్, అదే కణంలో తిరుగుతున్న మన ఎంఆర్‌ఎన్‌ఏ జోలికి ఎందుకు పోదు? జవాబు ఆర్‌ఎన్‌ఏ కొసలో ఉంది. మన ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి కొసకి క్యాప్ అనే రసాయన టోపీ ఉంటుంది. ఫ్లూ లాంటి వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏకి ఆ చోట మూడు ఫాస్ఫేట్లు బయటికే కనిపిస్తుంటాయి. రిగ్‌-ఐ వాటిని పట్టుకుంటుంది. "వైరస్‌లో అక్షరాల వరస వేరు కాబట్టి" అని రాసుకున్నవాళ్లు ఆ వాక్యం కొట్టేయండి. ఈ సెన్సర్లు చాలావరకు వరస చదవవు.

డీఎన్‌ఏ దగ్గరికొస్తే చిక్కు ఇంకా పెద్దది. హెర్పిస్ వైరస్ డీఎన్‌ఏ, మన డీఎన్‌ఏ రెండూ ఒకే రసాయనం, రెండూ జంట పోగులే. క్యాప్ లాంటి గుర్తు ఏదీ లేదు. అయినా కణం తేడా పట్టేస్తుంది. చెప్పులు గడప బయట ఉంటే ఎవరూ పట్టించుకోరు, దేవుడి గదిలో కనబడితే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. డీఎన్‌ఏ విషయంలోనూ ముందు అడగాల్సింది "ఎక్కడుంది?" అని.

నోట్‌బుక్ తీసి ఒక కణం గీయండి. మధ్యలో కేంద్రకం. సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ అందులో హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. కేంద్రకం బయట, కణద్రవ్యంలో, 'సీగ్యాస్' అని రాయండి. జంట పోగుల డీఎన్‌ఏ తగిలితే ఈ ఎంజైమ్ మేలుకుని, కణంలో ఉండే ఏటీపీ, జీటీపీ అనే అణువుల్ని కలిపి సీగ్యాంప్ అనే చిన్న అణువును తయారు చేస్తుంది. సీగ్యాంప్ వెళ్లి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరల వల మీదున్న స్టింగ్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. స్టింగ్ గాల్జీ అనే ఇంకో పొరల గుంపుకి కదిలి టీబీకే1 అనే ఎంజైమ్‌ని పిలుస్తుంది, అది ఐఆర్‌ఎఫ్3 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఐఆర్‌ఎఫ్3 కేంద్రకంలోకి పోయి, వైరస్ వచ్చిందని కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ జన్యువును ఆన్ చేస్తుంది. ఈ బాణాలన్నీ గీశాకే ముందుకు వెళ్లండి. చూసి చదివితే గుర్తుండవు, గీస్తే ఉంటాయి.

సీగ్యాస్‌నీ సీగ్యాంప్‌నీ డాలస్‌లో జేమ్స్ చెన్ బృందం కనిపెట్టి 2013లో ప్రచురించింది. ముందు సీగ్యాంప్ అనే సందేశం దొరికింది, దాని వెనకే వెళ్తే ఆ ఎంజైమ్ దొరికింది. నాకు ఈ దారిలో అన్నిటికంటే నచ్చే మెట్టు కూడా సీగ్యాంపే. ఒక్క ఎంజైమ్ ఎన్నో అణువులు చేయగలదు కాబట్టి కబురు అక్కడే పెద్దదైపోతుంది. పైగా కణాల మధ్య ఉండే సన్నటి దారుల గుండా అది పక్క కణానికీ చేరి, వైరస్ ఇంకా రాకముందే దాన్ని అప్రమత్తం చేస్తుంది.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. కణం విభజన చెందేటప్పుడు కేంద్రకం గోడ కరిగిపోతుంది కదా, అప్పుడు మన డీఎన్‌ఏ అంతా సీగ్యాస్ ముందే ఉంటుంది, మరి గోల ఎందుకు జరగదు? పైగా సీగ్యాస్ కేంద్రకంలో కూడా ఉంటుందని తేలింది. 2020లో వచ్చిన నిర్మాణ చిత్రాలు సంగతి చెప్పాయి. హిస్టోన్లు సీగ్యాస్‌ని గట్టిగా పట్టేసుకుంటాయి, అది పనిచేసే భంగిమలోకి రాలేదు. చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏ దాన్ని లేపదు, విడిగా తిరిగే డీఎన్‌ఏ లేపుతుంది. కాబట్టి 'ఎక్కడ' పక్కన 'ఎలా ఉంది' అని కూడా రాసుకోండి.

మూడో ప్రశ్న: ఊడ్చేవాళ్లు ఎవరు? కణద్రవ్యంలోకి జారిపడే మన సొంత డీఎన్‌ఏ ముక్కల్ని ట్రెక్స్1 అనే ఎంజైమ్ కొరికేస్తుంది. అది పాడైతే ముక్కలు పేరుకుని, వైరస్ లేకుండానే సీగ్యాస్ మేలుకుంటుంది. 1984లో ఫ్రాన్స్‌లో ఐకార్డి, గూటియేర్ అనే డాక్టర్లు వర్ణించిన పసిపిల్లల మెదడు జబ్బు ఇదే కోవది. మెదడులో కాల్షియం మచ్చలు, వెన్ను ద్రవంలో తెల్లకణాలు. చూస్తే కడుపులోనే ఇన్‌ఫెక్షన్ సోకిన బిడ్డలా ఉంటుంది, వెతికితే ఏ సూక్ష్మజీవీ దొరకదు. ట్రెక్స్1 లోపమే ఒక కారణమని 2006లో తేలింది. ఈ జబ్బు రకాల్లో చాలావాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ రావాలి. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఇళ్లల్లో ఇది పట్టించుకోవాల్సిన మాట. ఇన్‌ఫెక్షన్ పరీక్షలన్నీ నెగటివ్ వచ్చిన అలాంటి బిడ్డకి జన్యు పరీక్ష సంగతి డాక్టర్‌ని అడగడం తప్పు కాదు. జవాబు దొరికితే తర్వాతి కాన్పు విషయంలో ఆ తల్లిదండ్రులకు దారి తెలుస్తుంది.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన లెక్క ఎలుకల్లో ఉంది. ట్రెక్స్1 తీసేసిన ఎలుకలు గుండె వాచి త్వరగా చనిపోతాయి. ట్రెక్స్1తో పాటు సీగ్యాస్‌నో స్టింగ్‌నో కూడా తీసేస్తే బతుకుతాయి. చెత్త అలాగే ఉంది, చంపుతున్నది మాత్రం దాన్ని చూసి మోగే అలారం. రెండు జన్యువుల్ని కలిపి తీసి, ఏది ముందు, ఏది వెనక అని తేల్చే పద్ధతి ఇది. మీ బొమ్మలో ట్రెక్స్1ని సీగ్యాస్‌కి ముందు రాసి, అడ్డుగీత పెట్టండి.

వచ్చే పాఠం లోపు కాగితం మీద చేయాల్సింది. 2014లో వర్ణించిన సావీ అనే జబ్బులో సీగ్యాంప్ లేకపోయినా స్టింగ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. ఊపిరితిత్తులు, చర్మంలోని రక్తనాళాలు దెబ్బతింటాయి. మూడు మందులు ఉన్నాయనుకోండి: సీగ్యాస్‌ని ఆపేది, స్టింగ్‌ని ఆపేది, ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని, దాన్ని అందుకున్న కణం లోపలికి చేరవేసే జాక్ ఎంజైమ్ దగ్గర ఆపేది. ట్రెక్స్1 లోపం ఉన్న బిడ్డకి వీటిలో ఏవి పనిచేయాలి? సావీ ఉన్న బిడ్డకి ఏవి? ప్రతి జవాబు పక్కన మీరు ఏ బాణాన్ని తెంపారో రాయండి.