పలాస గ్రేడింగ్ బల్ల దగ్గర ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్

ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్, అంటే శిక్షణను రూపొందించే పని, నేర్చుకోదలచినవారు చాలామంది సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెడతారు. స్లయిడ్లు చేయడం సాధనతో వచ్చేస్తుంది. కానీ ఎవరికి ఏమి నేర్పాలో, అసలు నేర్పవలసిన అవసరం ఉందో లేదో తేల్చడం నిజమైన యజమాని ఎదుట కూర్చున్నప్పుడే అలవడుతుంది. కాబట్టి దగ్గరలోని చిన్న సంస్థలో ఒక పని ఒప్పుకోండి. ఉచితంగా మాత్రం చేయవద్దు, ఎందుకంటే డబ్బు పెట్టని పనికి యజమాని తన సమయం కూడా పెట్టడు. పని పరిధి, సవరణలు ఎన్నిసార్లు, ఆమోదించేది ఎవరు అన్నవి ముందే కాగితం మీద రాసుకోండి.

నా తొలి పని పలాసలోని ఒక జీడిపప్పు యూనిట్‌లో దొరికింది. "మనోళ్లకి గ్రేడింగు మీద ఒక వీడియో చేసి పెట్టండి బాబూ" అని యజమాని అడిగారు. గ్రేడింగ్ అంటే గుండ్లను, అంటే విరగని జీడిపప్పులను, సైజును బట్టి రకాలుగా వేరు చేయడం. 240 రకంలో 320 కలిసిపోయి సరుకు వెనక్కి వస్తోందని ఆయన బాధ. 240 రకమంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 220 నుంచి 240 గుండ్లు తూగేది. 320 రకమైతే 300 నుంచి 320 తూగుతాయి. గుండుకు సుమారు అర గ్రాము తేడా. దానిని కంటితోనే పట్టాలి.

ఇటువంటప్పుడు వెంటనే వీడియోకు ఒప్పుకోకుండా, రెండు రోజులు బల్ల పక్కన కూర్చోవడానికి అనుమతి అడగండి. నేను కూర్చున్నప్పుడు పొద్దుటిపూట తప్పులు దాదాపు కనిపించలేదు. సాయంత్రం రేకుల షెడ్డులో వెలుతురు తగ్గిన తరువాతే పెరిగాయి. పాతవారికి కావలసింది ట్యూబులైటు, పాఠం కాదు. శిక్షణ అవసరమైంది కొత్తగా చేరిన వారికి మాత్రమే.

తరువాత లక్ష్యం రాయండి. ఏమి చేయాలి, ఏ పరిస్థితిలో, ఎంత కచ్చితంగా అన్న మూడింటినీ చెప్పాలని శిక్షణా నిపుణుడు రాబర్ట్ మేగర్ 1962లో సూచించిన పద్ధతి నేటికీ పనికొస్తుంది. "గ్రేడింగ్‌పై అవగాహన కలుగుతుంది" అని రాస్తే దానిని కొలవలేము. "పగటి వెలుతురులో కొత్తమ్మాయి కిలో కలగలుపు గుండ్లను రెండు రకాలుగా వేరు చేస్తుంది, 240 కుప్పలోంచి తీసిన 454 గ్రాములలో లెక్క 240 దాటదు" అని రాస్తే, త్రాసు దగ్గరే పరీక్ష పెట్టవచ్చు.

బల్ల దగ్గర చేతులు ఖాళీగా ఉండవు కనుక ఫోను చూడడం కుదరదు. అందుకని వీడియో బదులు రెండు గాజు సీసాలలో రెండు రకాల గుండ్లు నింపి బల్ల మీద పెట్టించాము. అనుభవమున్న ఒకావిడ ఇరవై చిన్న గుండ్లను కావాలని కలిపి ఇస్తే, కొత్తమ్మాయి వాటిని ఏరి, ఎన్ని దొరికాయో తానే లెక్కపెట్టుకునేది.

శిక్షణ ఎలా ఉందని అడిగి ఊరుకోకండి. శిక్షణ ఫలితాన్ని అంచనా వేయడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆచార్యుడు 1959లో ప్రతిపాదించిన నాలుగు అంచెలలో అది మొదటిది మాత్రమే. నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం దక్కిందా అన్నవి మిగిలే ఉంటాయి. నెల తరువాత మళ్లీ వెళ్లి 454 గ్రాములు తూచి లెక్కపెట్టండి. శిక్షణకు ముందు, తరువాత వచ్చిన ఆ లెక్కలతోపాటు వీడియో ఎందుకు వద్దన్నారో వివరించే పేజీని కూడా మీరు చేసిన పనులు చూపే పోర్ట్‌ఫోలియోలో చేర్చండి.