వెబ్ పేజీలో పెట్టిన త్రీడీ మోడల్ మొరాయిస్తోందా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకుందాం

త్రీడీ మోడల్స్ తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చక్కగా తిరుగుతుంది. దాన్ని పేజీలో పెట్టి లింక్ పంపితే మాత్రం ఒకరు "ఏమీ కనిపించట్లేదు" అంటారు, ఇంకొకరు "అంతా నల్లగా ఉంది" అంటారు, మూడోవారి ఫోన్‌లో బ్రౌజర్ మూసుకుపోతుంది. ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. అందుకే సెట్టింగులు మార్చడం మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఫైల్ బ్రౌజర్ దాకా చేరిందా? చేరితే, బ్రౌజర్ దాన్ని చదవగలిగిందా? చదివితే, తెరమీద గీయగలిగిందా? ఎఫ్12 నొక్కితే వచ్చే నెట్‌వర్క్ ట్యాబ్ మొదటి ప్రశ్నకు, కన్సోల్ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాయి.

ఇక్కడ చెప్పేదంతా జీఎల్‌బీ ఫైళ్ల గురించే. క్రోనోస్ గ్రూప్ 2017లో విడుదల చేసిన జీఎల్‌టీఎఫ్ 2.0 ఫార్మాట్‌కు ఇది ఒకే ఫైల్‌గా ఉండే రూపం. ఆకారం, రంగులు, యానిమేషన్ అన్నీ అందులోనే ఇమిడిపోతాయి. మీ దగ్గర ఎఫ్‌బీఎక్స్, ఓబీజే ఫైళ్లు ఉంటే బ్లెండర్‌లోకి తెచ్చుకుని జీఎల్‌బీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. విడివిడిగా ఉండే జీఎల్‌టీఎఫ్ ఫైల్ కంటే ఇదే మేలు. ఆ విడివిడి ఫైళ్లలో ఒక్క బొమ్మ ఫైల్ ఫోల్డర్ మారినా మోడల్ రంగులు లేకుండా వస్తుంది.

మోడల్ ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె

ముందు అడ్రస్ బార్ చూడండి. అడ్రస్ "ఫైల్" అని మొదలైతే మీరు పేజీని ఫోల్డర్‌లోంచి నేరుగా తెరిచారన్నమాట. భద్రత కోసం బ్రౌజర్లు అలాంటి పేజీని పక్కనే ఉన్న మోడల్‌ను కూడా చదవనివ్వవు. లోకల్ సర్వర్ నడపండి. పైథాన్ ఉంటే దానితోపాటు వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్ చాలు, 8000 పోర్ట్‌లో పేజీ తెరుచుకుంటుంది.

మీ కంప్యూటర్‌లో పనిచేసి, హోస్టింగ్‌లో పెట్టాక 404 (ఫైల్ దొరకలేదు) వస్తుంటే ఫైల్ పేరులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు సరిచూడండి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లినక్స్ సర్వర్ పట్టించుకుంటుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే, ఖాళీలు లేకుండా పెట్టుకోవడం అలవాటు చేసుకుంటే ఈ బెడద ఉండదు.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో 200 (సర్వర్ ఫైల్ పంపింది) అని పచ్చగా కనిపిస్తూ, కన్సోల్‌లో "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్" అని ఎర్రగా వస్తే చాలామంది మోడల్ పాడైందనుకుని మళ్లీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తారు. వచ్చిన ఫైల్ సైజు చూడండి. కొన్ని మెగాబైట్లు ఉండాల్సింది కొన్ని వందల బైట్లే ఉంటే, వచ్చింది మోడల్ కాదు. సర్వర్ తన "పేజీ దొరకలేదు" అనే హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీని పంపి ఉంటుంది. లేదా మీరు ఫైల్‌ను, పెద్ద ఫైళ్లను విడిగా ఉంచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో దాచి ఉంటారు. గిట్‌హబ్ వారి వెబ్ హోస్టింగ్ అయిన గిట్‌హబ్ పేజెస్‌కు ఎల్‌ఎఫ్‌ఎస్ పొసగదు, అసలు ఫైల్ బదులు దాని చిరునామా ఉన్న చిన్న టెక్స్ట్ ఫైల్‌ను పంపేస్తుంది. ఆ మోడల్‌ను ఎల్‌ఎఫ్‌ఎస్ నుంచి తీసి మామూలు ఫైల్‌గా చేర్చండి. గిట్‌హబ్‌లో ఒక్కో ఫైల్‌కు 100 మెగాబైట్ల పరిమితి ఉంది. వెబ్‌కు పెట్టే మోడల్ అంత బరువు ఉండనే కూడదు.

కన్సోల్‌లో "కార్స్" అనే మాట కనిపిస్తే, మోడల్ వేరే డొమైన్‌లో ఉంది, ఆ సర్వర్ మీ పేజీకి అనుమతి ఇవ్వలేదు. మోడల్‌ను పేజీ ఉన్న సర్వర్‌లోనే పెట్టేయడం అన్నిటికంటే తేలిక. "డ్రాకో లోడర్" లేదంటూ ఎర్రర్ వస్తే, ఫైల్‌ను డ్రాకో అనే పద్ధతితో కుదించారు గానీ పేజీలో దాన్ని విప్పే డీకోడర్ జత చేయలేదు. బ్రౌజర్‌లో త్రీడీ గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ త్రీ.జేఎస్ వాడేవాళ్లకే ఇది ఎక్కువ ఎదురవుతుంది.

ఎర్రర్ ఏమీ లేదు, ఫైల్ వచ్చింది, అయినా ఖాళీ

రెండు అవకాశాలు. ఒకటి, పెట్టె ఎత్తు సున్నా. ఎత్తు 100 శాతం అని రాసి, దాన్ని పట్టి ఉంచే పై పెట్టెకు ఎత్తు ఇవ్వకపోతే ఇలా అవుతుంది. పిక్సెళ్లలో ఎత్తు ఇచ్చి చూడండి.

రెండోది కొలతలు. జీఎల్‌టీఎఫ్‌లో ఒక యూనిట్ అంటే ఒక మీటరు. క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో మిల్లీమీటర్లలో గీసిన 100 యూనిట్ల బోల్టు, కొలత మార్చకుండా వస్తే వంద మీటర్ల బోల్టవుతుంది. అప్పుడు కెమెరా దాని కడుపులో ఉంటుంది. బ్లెండర్‌లో సైజు సరిచేసి, కంట్రోల్, ఏ కలిపి నొక్కి స్కేల్ అప్లై చేసి, మోడల్‌ను మధ్య బిందువుకు తెచ్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. మోడల్‌ను పేజీలో చూపించే రెడీమేడ్ హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్ మోడల్-వ్యూయర్ అయితే మోడల్ సైజును బట్టి కెమెరాను తానే సర్దుకుంటుంది, త్రీ.జేఎస్‌లో ఆ లెక్క మనమే రాయాలి.

కనిపిస్తోంది, కానీ నల్లగా, లేదా రంగు తేడాగా

ఫిర్యాదు చేసినవారు ఇది లోహపు వస్తువో కాదో చెప్తే సగం తెలిసిపోతుంది. మెరుగుపెట్టిన లోహం అద్దం లాంటిది, చుట్టూ ఏముంటే అదే చూపిస్తుంది. చుట్టూ ఏమీ లేని దృశ్యంలో అది చూపించేది చీకటినే. ఎన్ని లైట్లు పెట్టినా అక్కడక్కడ మెరుపు చుక్కలు వస్తాయి తప్ప లోహంలా అనిపించదు. దానికి కావాల్సింది ఎన్విరాన్‌మెంట్ మ్యాప్, అంటే చుట్టూ ఉన్న పరిసరాన్ని పట్టి ఇచ్చే హెచ్‌డీఆర్ బొమ్మ. లోహం కానిది కూడా నల్లగా ఉంటే మెటాలిక్ విలువ పొరపాటున 1లో ఉండిపోయిందేమో చూడండి.

బ్లెండర్‌లో ఉన్న రంగు ఎక్స్‌పోర్ట్‌లో పోయి తెల్లగానో బూడిదగానో వస్తే, మీరు నాయిస్ టెక్స్చర్ లాంటి నోడ్లతో రంగు తయారుచేసి ఉంటారు. జీఎల్‌టీఎఫ్‌కు ఆ నోడ్లు అర్థం కావు. బ్లెండర్‌లోని ముఖ్యమైన మెటీరియల్ నోడ్ ప్రిన్సిపుల్డ్ బీఎస్‌డీఎఫ్‌కు కలిపిన బొమ్మలు, సాదా విలువలే దానిలోకి వెళ్తాయి. కాబట్టి ఆ రంగును బొమ్మగా బేక్ చేయాలి, అంటే లెక్కగట్టి బొమ్మ ఫైల్‌లో భద్రపరచాలి. ఓపిక పట్టాల్సిన పనే, కానీ దీనికి దగ్గరిదారి లేదు.

మోడల్‌లో కొన్ని ముఖాలు మాయమై లోపలి భాగం కనిపిస్తే, వాటి నార్మల్స్ (ముఖం ఏ వైపు చూస్తుందో చెప్పే దిశలు) తిరగబడ్డాయి. బ్లెండర్ ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని షిఫ్ట్, ఎన్ నొక్కండి. డబుల్ సైడెడ్ ఆన్ చేసినా మాయమైనవి కనిపిస్తాయి గానీ, అది ఆకులు, బట్టలు లాంటి పలచటి వాటికే వాడదగ్గది.

ఫోన్‌లో నత్తనడక, లేదా బ్రౌజర్ మూసుకుపోవడం

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే చూసేవారిలో చాలామంది చేతిలో ఉండేది ఫోనే. అందరూ ముందు ఆకారాన్ని కట్టే త్రిభుజాల సంఖ్య మీద పడతారు. చాలాసార్లు దోషం టెక్స్చర్లది, అంటే మోడల్ మీద పరిచే బొమ్మలది.

లెక్క చూడండి. 4096 × 4096 బొమ్మ జేపెగ్‌గా రెండు మూడు మెగాబైట్లే ఉండొచ్చు. గ్రాఫిక్స్ మెమరీలోకి వెళ్లాక మాత్రం ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 64 మెగాబైట్లు పడుతుంది. దూరం నుంచి చూడటానికి తయారయ్యే చిన్న ప్రతులతో ఇంకో మూడో వంతు కలుస్తుంది. రంగుకు ఒకటి, ఎగుడుదిగుళ్లు చూపే నార్మల్ మ్యాప్‌కు ఒకటి, గరుకుదనానికి ఒకటి అంటే ఒక్క మెటీరియల్‌కే దాదాపు 256 మెగాబైట్లు. అలాంటి మెటీరియల్స్ నాలుగు ఉంటే మామూలు ఫోన్ చేతులెత్తేస్తుంది.

అదే బొమ్మను 2048కి తగ్గిస్తే 16 మెగాబైట్లు, 1024 అయితే 4. ఫోన్ తెర మీద ఆ తేడా చాలాసార్లు కంటికి ఆనదు. ముందు సగానికి తగ్గించి, పాతదాని పక్కన పెట్టి చూడండి. ఇంకా తగ్గించాలంటే కేటీఎక్స్2 ఫార్మాట్ ఉంది. అది మెమరీలో కూడా కుదించిన రూపంలోనే ఉంటుంది. డ్రాకో అలా కాదు. డౌన్‌లోడ్ సైజు తగ్గిస్తుంది తప్ప, విప్పాక మెమరీలో భారం మామూలే. "డ్రాకో వాడాను, అయినా ఫోన్ ఆగిపోతోంది" అనేవారికి కారణం ఇదే. జీఎల్‌టీఎఫ్-ట్రాన్స్‌ఫార్మ్ అనే ఉచిత టూల్‌తో ఈ పనులన్నీ చేసుకోవచ్చు.

మెమరీ బాగానే ఉండి తిప్పినప్పుడు అదురుతుంటే, మోడల్ వందల విడి ముక్కలుగా ఉందేమో చూడండి. ఒకే మెటీరియల్ ఉన్నవాటిని కలిపేయండి. త్రీ.జేఎస్‌లో, తెర పిక్సెళ్ల సాంద్రతను చెప్పే పిక్సెల్ రేషియోకు 2 దాటకుండా హద్దు పెట్టండి. 3 అంటే 1తో పోలిస్తే తొమ్మిది రెట్ల పిక్సెళ్లు గీయాలి.

డేటా తక్కువ ఉన్నవారి కోసం ముందు ఒక ఫొటో చూపించి, నొక్కాకే మోడల్ లోడయ్యేలా పెట్టండి. మోడల్-వ్యూయర్‌లో పోస్టర్ ఇచ్చి, రివీల్‌ను మాన్యువల్‌గా, లోడింగ్‌ను లేజీగా పెట్టుకుని, నొక్కినప్పుడు పోస్టర్ తొలగేలా చిన్న బటన్ రాయాలి. చూపులేని వారి స్క్రీన్ రీడర్ చదవడానికి ఆల్ట్ వివరణ కూడా రాయండి.

చాలా మోడల్స్ పెట్టాక మొదటివి మాయం

బ్రౌజర్ ఒక పేజీలో వెబ్‌జీఎల్ కాంటెక్స్ట్‌లను, అంటే త్రీడీ గీసే విడి వేదికలను, కొన్నింటినే బతకనిస్తుంది. కంప్యూటర్‌లో క్రోమ్ హద్దు 16. అది దాటితే అన్నిటికంటే పాతదాన్ని వదిలేస్తుంది. తెర మీదకు వచ్చినప్పుడే మోడల్ తయారై, పక్కకు వెళ్లగానే వదిలేసేలా రాయండి. మోడల్-వ్యూయర్ అన్నిటికీ ఒకే కాంటెక్స్ట్ పంచుతుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు రాదు.

పేజీ కిందికి జరగడం లేదు

వేలు పెట్టిన ప్రతిసారీ మోడల్ తిరిగితే చూసేవారు అక్కడే ఇరుక్కుపోతారు. సీఎస్‌ఎస్‌లో టచ్-యాక్షన్‌ను "ప్యాన్-వై"గా పెట్టండి. నిలువుగా జరిపితే పేజీ కదులుతుంది, అడ్డంగా జరిపితే మోడల్ తిరుగుతుంది.

కొత్త మోడల్ పెట్టినా పాతదే వస్తోంది

ఇది కాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత ప్రతి. మీకు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కితే సరిపోతుంది, కానీ లింక్ అందుకున్నవారికి ఆ సంగతి తెలియదు. ఫైల్ పేరు చివర వెర్షన్ సంఖ్య పెట్టి, మార్చినప్పుడల్లా ఆ సంఖ్య పెంచి, పేజీలో కూడా అదే పేరు రాయండి.